ఆనందమ్మ గారి కాలికి ఎర్రలైటు

బందరు చిలకలపూడిలో ఆనందమ్మ గారిని తెలియనివాళ్లు తక్కువ. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. కూరలబండి ఆయన కాస్త వంగి నిలబడ్డా "నిటారుగా!" అని అరుస్తారు. చర్చి ఆడవాళ్లను పోగేసి త్రోబాల్ జట్టు కూడా పెట్టారు.

అలాంటి మనిషిని ఒక పుండు కూర్చోబెట్టింది. చీలమండ పైన స్కూటరు స్టాండు గీరుకుపోయింది. ఆ గీరుడే పుండయింది. పసుపు పెట్టారు, ఆయింట్‌మెంట్లు మార్చారు. వానాకాలం పోయి ఎండాకాలం వచ్చినా మానలేదు సరికదా, ఇంకాస్త వెడల్పయింది. చెమ్మ అంటకుండా కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచేవారు. ఆట మానేశారు.

చివరికి గాయాలకు వైద్యం చేసే డాక్టరు సుచిత్ర దగ్గరికి వెళ్లారు. సుచిత్ర ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లే. ప్రేయర్లో కదిలినందుకు గ్రౌండు చుట్టూ పరుగులు తీసిన ఘనత ఆ అమ్మాయిది. కాలిని పరీక్ష చేసి, "రక్తం పైకెక్కకుండా సిరల్లో నిలిచిపోతోందండీ టీచర్ గారూ. బిగుతు కట్టు కడదాం. దాంతోపాటు లేజర్ కూడా ఇద్దాం" అంది.

ఆనందమ్మ గారు హడలిపోయారు. ఆదివారం చర్చిలో "ఈ శుక్రవారం నాకు లేజర్ ఆపరేషను" అని ప్రకటిస్తే పాస్టరు గారు ప్రత్యేక ప్రార్థన చేశారు. పక్కింటి రాజ్యలక్ష్మి గారు ఫ్లాస్కూ దుప్పటీ సర్దుకుని తోడు వెళ్లారు.

సుచిత్ర ఆవిడకు నల్లకళ్లద్దాలు పెట్టి, టార్చిలైటంత పరికరంతో పుండు మీద ఎర్రటి వెలుతురు పట్టింది. పొగ లేదు, మంట లేదు, వెచ్చదనం కూడా లేదు.

"ఇంకా మొదలెట్టలేదేం అమ్మాయ్?"

"అయిపోయిందండీ."

"ఇంతేనా! చర్చి మొత్తం మోకాళ్ల మీద పడి ప్రార్థన చేసిందే!"

"ఇది కోసే లేజర్ కాదండీ. మానే కండకు కాస్త ఊతమిస్తుందని వాడతాం. అసలు పని కట్టుదే. మీరు కాలు ఎత్తులో పెట్టుకుని కూర్చోవాలి."

ఆ నిరాశలో కళ్లద్దాలు తీయకుండానే బయటికొచ్చేశారు. ఆటో సుబ్బారావు ఆవిడ మొహం ముందు చెయ్యి ఊపుతూ, "కళ్ల ఆపరేషను బాగా జరిగిందాండీ? నేను కనిపిస్తున్నానా?" అన్నాడు.

"కాలికయ్యా!"

సుబ్బారావు కళ్లద్దాలనూ, కాలినీ మార్చి మార్చి చూసి ఆటో స్టార్ట్ చేశాడు.

కొన్ని వారాలకు పుండు అంచుల్లో గులాబీ రంగు కండ కనిపించింది. ఆనందమ్మ గారికి ఎక్కడలేని హుషారు వచ్చింది. జట్టు మంగినపూడి బీచికి వెళ్తుంటే తానూ బయల్దేరారు. కూర్చుని చూస్తానన్న మనిషి కాసేపటికే కట్టు వదులు చేసుకుని బంతి విసురుతున్నారు. తెల్లారేసరికి కాలు వాచింది, పుండు మళ్లీ చెమర్చింది. ఎవరికీ చెప్పలేదు.

కట్టు విప్పిన సుచిత్ర ఆగిపోయింది.

"ఇందులోకి ఇసుక ఎలా వచ్చిందండీ?"

"గాలికి..."

"మంగినపూడి నుంచి చిలకలపూడి దాకానా?"

డ్రిల్లు టీచరు తలవంచుకున్నారు. సుచిత్రకు నవ్వాగలేదు గానీ, "ఇలా చేస్తే మానదండీ. కదలకుండా కూర్చోవడమే మీకు పనిష్మెంటు" అంది.

ఆవిడ దాన్ని శ్రద్ధగా అనుభవించారు. దిండు మీద కాలు పెట్టుకుని వరండాలోంచే వీధికి ఆర్డర్లు వేశారు. శుక్రవారం శుక్రవారం వెళ్లి కొత్త కట్టు కట్టించుకుని, ఎర్రలైటు పట్టించుకున్నారు. పుండు మెల్లగా దగ్గరపడి, ఒకరోజు పలచటి చర్మం పూర్తిగా కప్పేసింది.

"లైటు వల్లే మానిందా అమ్మాయ్?"

"లైటు, కట్టు, మీరు బుద్ధిగా కూర్చోవడం... దేని వాటా ఎంతో చెప్పలేనండీ. బిగుతు మేజోడు మాత్రం రోజూ వేసుకోవాలి. ఇక మీరు రానక్కర్లేదు."

ఎగిరి గంతేస్తారనుకుంటే, ఆనందమ్మ గారు క్లినిక్ మంచం దిగలేదు. కొత్త చర్మాన్ని వేలితో మెల్లగా తడిమి చూసుకున్నారు. కళ్లు తడయ్యాయి.

"మరి శుక్రవారాలు నేనేం చెయ్యను?" అన్నారు.

సుచిత్ర బయట హాల్లోకి చూసింది. బల్లల మీద పేషెంట్లు కట్లు కట్టిన కాళ్లు కిందికి వేలాడేసుకుని మూలుగుతూ కూర్చున్నారు.

"వీళ్లెవరూ నా మాట వినడం లేదండీ" అంది.

ఆనందమ్మ గారు మేజోడు తొడుక్కుని హాల్లోకి నడిచారు.

"కాళ్లు... పైకి!"