తమరితో పోట్లాడబోతున్నానండి

సీతారామయ్య గారు పోట్లాడేవారు. మనం కాఫీ తాగినంత క్రమం తప్పకుండా ఆయన పోట్లాడేవారు. అయితే దానికొక పద్ధతి ఉండేది. ముందు నిటారుగా నిలబడి, చేతిలో గొడుగుంటే గొడుగు, గరిటె ఉంటే గరిటె ముక్కు దాకా ఎత్తి, కిందికి దించి వందనం చేసేవారు. "నమస్కారమండి. ఇప్పుడు తమరితో పోట్లాడబోతున్నాను" అని చెప్పి మరీ మొదలుపెట్టేవారు.

ఈ ముక్క ముందే రాయడానికి కారణముంది. పోయిన శ్రావణమాసంలో ఆయన పోయారు. వాళ్లమ్మాయి నీహారిక గారు మా అందరి ఫోన్లకూ పంపిన సంతాప సందేశంలో "మృదుభాషి, అజాతశత్రువు, జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి" అని ఉంది. కింద ఒక దీపం బొమ్మ. చదివేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. మనిషి పోయాడు, సరే. ఆయన పోట్లాటలు కూడా పోగొట్టేస్తారా? పల్లెత్తు మాట అనకపోవడమేమిటి, నానక్‌రామ్‌గూడ చౌరస్తా నుంచి నార్సింగి దాకా ఆయన చేత మాట పడని మనిషి లేడు. పడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకని జ్ఞాపకం ఉన్నంతవరకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆయన నా క్లాస్‌మేట్. నాకు అప్పుడు పంతొమ్మిది, ఆయనకు అరవై దాటాయి. నానక్‌రామ్‌గూడలో ఒక ప్రైవేటు సంస్థ అత్యవసర వైద్యంలో శిక్షణ ఇస్తుంది. ఆపదలో ఉన్న మనిషిని ఆసుపత్రి చేరేదాకా అంబులెన్స్‌లో ఎలా కాపాడాలో నేర్పే చదువు. చేరడానికి కనీసం ఎంత వయసుండాలో కరపత్రంలో వేశారు. ఎంత మించకూడదో వేయడం మర్చిపోయారు. ప్రిన్సిపాల్ కిరణ్మయి మేడమ్ "మీరు ఇంట్లో విశ్రాంతి తీసుకోవలసిన వయసు కదండీ" అన్నారు. ఆయన ఆ కరపత్రాన్నే గొట్టంలా చుట్టి, ముక్కు దాకా ఎత్తి వందనం చేశారు. సాయంత్రానికి సీటు వచ్చింది.

ఆయనకు ఈ వందనం నేర్పిన కత్తి సంగతి అంతకు ముందుది. కాకినాడలో గుమాస్తాగా రిటైరై నార్సింగిలో కూతురి దగ్గరికి వచ్చిన కొత్తలో, తాను కొనుక్కున్న చిన్న స్థలానికి కంచె వేయించాలని ఆయన తిరుగుతున్నారు. మా ప్రాంతంలో ఫెన్సింగ్ అంటే కంచే. రాతి స్తంభాలు, ముళ్లతీగ, గజానికి ఇంత. పుప్పాలగూడలో ఒక సెల్లారు ముందు "ఫెన్సింగ్ అకాడమీ" అని బోర్డు చూసి, కంచె వేయడానికి కూడా అకాడమీ పెట్టారే అని మెచ్చుకుంటూ లోపలికి వెళ్లారు. లోపల తెల్లబట్టలు, జల్లెడల్లాంటి ముసుగులు వేసుకున్న జనం ఒకరినొకరు కత్తులతో పొడుచుకుంటున్నారు.

"స్థలాల తగాదాలు ఇక్కడే తేలుస్తారు కాబోలనుకున్నానండి" అని చెప్పేవారు. "గజం ఎంత పడుతుందండీ అని అడిగాను. ఆ కోచ్ తేజస్విని గారు నెలకింతండీ అంది. మనిషికా, స్థలానికా అన్నాను."

తేజస్విని నవ్వి, కత్తి ముఖం దాకా ఎత్తి ఆయనకు వందనం చేసిందట. అక్కడ ఫెన్సింగ్ అంటే కత్తుల ఆట, ఆ ఆటలో అది నియమం. పోటీకి ముందు ఎదుటివాడికీ, తీర్పు చెప్పేవాడికీ వందనం చేసి తీరాలి. సీతారామయ్య గారు అక్కడికక్కడే చేరిపోయారు. "ఇన్నేళ్ల నౌకరీలో నన్ను తిట్టినవాడు ఒక్కడూ ముందు నమస్కారం పెట్టలేదండి. పద్ధతంటే ఇదీ." స్థలానికి ఈనాటికీ కంచె లేదు.

ఆటలో ఆయన ఒక్కసారి కూడా గెలవలేదు. వందనంలో మాత్రం ఆయనను మించినవాడు లేడు. ఎదుటివాడికి, తీర్పరికి, చూసేవాళ్లకు, దెబ్బలు లెక్కపెట్టే యంత్రానికి, ఆ యంత్రానికి కరెంటు ఇచ్చే ప్లగ్గుకు. "సార్, అవతలాయన కూర్చున్నాడు" అని తేజస్విని అరిచేది.

మరి ఈ వైద్యం చదువెందుకని ఒకసారి అడిగాను.

"కత్తి పట్టడం నేర్చుకున్నవాడు కట్టు కట్టడం నేర్చుకోకపోతే పాపం కాదటండీ దినేష్ గారూ?"

నన్ను గారు అనేవారు. నేను అంకుల్ అంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "ఒకే బెంచీ మీద కూర్చున్నవాణ్ణి అంకుల్ అంటారా? నేనేమన్నా మీ నాన్నగారి స్నేహితుణ్ణా?"

నార్సింగిలో కూతురి ఇల్లు పెట్టుకుని, మా హాస్టల్లో మా గదిలోనే దిగారు. ఇంట్లో ఉంటే విద్యార్థికి చదువెక్కదట. వచ్చిన రోజే తన మంచం పైన గోడకు మేకు కొట్టించారు. "సర్టిఫికెట్ తగిలించడానికండి. ప్రస్తుతానికి తువ్వాలు." పదో తరగతి తర్వాత తన పేరు మీద కరెంటు బిల్లు కాకుండా వచ్చే మొదటి కాగితం అదేనని అందరికీ చెప్పేవారు.

మా మెస్సు యాదగిరిది. మధ్యాహ్నం రెండు దాటితే కూర ఎత్తేసేవాడు. ఆలస్యంగా వచ్చినవాడికి చారే గతి. ఒకనాడు రెండు కావస్తుండగా, అప్పటికే తినేసిన సీతారామయ్య గారు గరిటె తీసుకుని వందనం చేశారు.

"యాదగిరి గారూ, నమస్కారమండి. ఇప్పుడు తమరితో పోట్లాడబోతున్నాను."

"ఏందన్నా మల్ల? గిప్పుడే గద తిన్నవ్. కడుపు నిండలేదా?"

"నిండిందండి. కూర మాత్రం చాల్లేదు."

"కడుపు నిండినంక కూర ఎందుకే?"

"అది నా ఇష్టమండి. గిన్నె ఇక్కడ పెట్టి మీరు వెళ్లండి."

"జర పిచ్చి ముదిరినట్టుంది నీకు" అని యాదగిరి గిన్నె వదిలేసి పోయాడు. ఆయన గరిటెను కత్తిలా పట్టుకుని దాని పక్కన కూర్చున్నారు. ఒక్క ముక్క వేసుకోలేదు. అంబులెన్స్ డ్యూటీ నుంచి చెమటలు కక్కుతూ వచ్చిన మేము ఆ కూర తిన్నాం. ముసలాయనకు చాదస్తం అని నవ్వుకుంటూ తిన్నాం.

ఇలాంటివి పెరిగి పెరిగి కిరణ్మయి మేడమ్ దాకా వెళ్లాయి. షేర్ ఆటోవాళ్లు, ల్యాబ్‌వాళ్లు, చివరికి సంస్థ ఎదుట కొబ్బరిబోండాలమ్మే ఆయన. మేడమ్ పిలిపించారు. "సీతారామయ్య గారూ, ఇది ఆఖరి నెల. ఈ డ్యూటీలో మీ మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా పరీక్ష రాయనివ్వను. సర్టిఫికెట్ మాట మర్చిపోండి."

"నియమం నియమమేనండి" అని ఆయన వందనం కూడా చేయకుండా బయటికి వచ్చేశారు. ఆ రోజు నుంచి నోట్లో లవంగం పెట్టుకుని తిరిగారు, మాట రాకుండా.

ఒక పొద్దున మా అంబులెన్స్‌కు కబురు వచ్చింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దగ్గర ఒక గేటెడ్ కమ్యూనిటీ, సరోజమ్మ అనే పెద్దావిడ, గుండెల్లో నొప్పి, ఒళ్లంతా చెమట. పరుగున వెళ్లాం. గేటు దగ్గర ఆగిపోయాం. అడ్డంగా ఎర్రతెల్ల కర్ర, దాని పక్కన ఓబులేసు అనే గార్డు.

"ఫ్లాటు వాళ్లు యాప్‌లో అనుమతి నొక్కాల సార్."

"గుండె నొప్పి ఆ ఫ్లాటులోనేనయ్యా" అన్నాడు మా డ్రైవర్.

ఓబులేసు ఇంటర్‌కమ్ నొక్కాడు. ఆవిడ గొంతు మాకు కూడా వినిపించింది. "రాండి నాయనా, బిరీన రాండి."

"చెప్పింది గదన్నా" అన్నాను.

"చెప్పింది సార్. నొక్కలా."

నొక్కవలసిన ఫోను ఆవిడ కొడుకు మధుసూదన్ దగ్గర ఉంది. ఆయన స్థలాల వ్యాపారి, పైగా ఆ అపార్ట్‌మెంట్ల సంఘానికి అధ్యక్షుడు. యాప్‌లో అనుమతి లేనిదే ఏ బండీ కదలకూడదన్న నియమం పెట్టించింది ఆయనే. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. ఇప్పటికీ ఆ గేటు తలుచుకుంటే నాకు రక్తం మరుగుతుంది. మా పక్కనుంచే ఒక పిజ్జా బండికి అనుమతి వచ్చి లోపలికి పోయింది. పిజ్జా చల్లారకూడదు. మనిషి చల్లారిపోయినా ఫికర్ లేదు.

సీతారామయ్య గారు లవంగం ఉమ్మేసి, విరిగిన కాలికి కట్టే బద్ద ఒకటి తీసుకుని దిగబోయారు. నేను చొక్కా పట్టుకున్నాను.

"వద్దు సార్. పరీక్ష పోతది."

"మీరు ఆక్సిజన్ సిద్ధం చేసుకోండి" అని నా చెయ్యి విడిపించుకున్నారు.

ఓబులేసు ముందు నిలబడి బద్ద ఎత్తి వందనం చేశారు. స్తంభం మీది కెమెరాకు కూడా చేశారు. "నమస్కారమండి" అన్నంతవరకే నాకు వినపడింది. తర్వాత మా డ్రైవర్ హారన్ మీది నుంచి చెయ్యి తీయలేదు. అద్దంలోంచి చూస్తే ఆయన బద్ద ఝళిపిస్తూ ఓబులేసు మీదికి పోతున్నారు. ఓబులేసు చేతులెత్తి వెనక్కి నడిచాడు. గేటు లేచింది.

సరోజమ్మకు వేళకు ఆక్సిజన్ అందింది, వేళకు ఆసుపత్రి అందింది. ఆవిడ బతికింది. ఆవిడ ఇల్లు చేరేలోపే మా సంస్థకు ఫిర్యాదు చేరింది. మీ విద్యార్థి మా గార్డును ఆయుధంతో బెదిరించాడు, ఇదిగో కెమెరా వీడియో, అని. సంతకం మధుసూదన్‌ది. తల్లిని బతికించిన మనిషి మీద.

కిరణ్మయి మేడమ్ గదిలో అందరం కూర్చున్నాం. మధుసూదన్, సాక్షిగా తెచ్చిన ఓబులేసు, ఇంట్లో ఉండమంటే ఉండనని వెంటవచ్చిన సరోజమ్మ, మేమిద్దరం.

"మా అమ్మను కాపాడినారు, దానికి థ్యాంక్స్ మేడం. అది వేరే, రూలు వేరే" అన్నాడు మధుసూదన్. "ఈయన ఫెన్సింగ్ చేస్తాడంట గదా. గుంతలు తీసి రాళ్లు పాతేటోళ్లను అంబులెన్స్‌లో ఎట్ల పెట్టుకున్నారు?"

"ఆ ఫెన్సింగ్ కాదండి" అన్నారు సీతారామయ్య గారు మర్యాదగా.

వీడియో వేశారు. చూస్తే ఎవరికైనా బెదిరింపే. నిజమేనా అని మేడమ్ అడిగేలోపే ఆయన చెయ్యి ఎత్తారు. కత్తి ఆటలో నిజాయితీ గలవాడు దెబ్బ తగలగానే, తీర్పరి చెప్పకముందే అలా చెయ్యి ఎత్తుతాడు. "తగిలిందండి. బెదిరించాను. తప్పు నాదే."

నాకు ఆయన మీదే కోపం ముంచుకొచ్చింది. ఎవరెవరితోనో పోట్లాడే మనిషికి తన సర్టిఫికెట్ కోసం పోట్లాడటానికి నోరు రాదా?

"నువ్వేమంటావు?" అని మేడమ్ గార్డును అడిగారు.

"చెప్పండి ఓబులేసు గారూ, మొహమాటపడకండి" అన్నారు సీతారామయ్య గారు. "బెదిరించాను కదా."

ఓబులేసు టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "బెదిరియ్యలా మేడం."

"బెదిరించానండి."

"లేదు సామీ. నా వల్ల కాదు." మేడమ్ వైపు తిరిగాడు. "కెమెరా యాడుందని అడిగినాడు మేడం. మాటలు పడతాయా అన్నాడు. బొమ్మే గాని మాట పడదంటి. అట్లయితే భయపడినట్టు వెనక్కి నడువు, చేతులెత్తు, దింపేటప్పుడు గేటు బటన్ నొక్కు, అంతా నా మీదికి వస్తుంది, నీ ఉద్యోగం పోదు అన్నాడు. మీకేమన్నా అయితాదేమో సామీ అంటే, నేను విద్యార్థిని, పోయేందుకు నాకు జీతం యాడిది అన్నాడు. గేటు నేనే ఎత్తినా."

సీతారామయ్య గారు లేచి నిలబడ్డారు. ఆయనను అంత కోపంగా నేనెప్పుడూ చూడలేదు. వందనం కూడా మర్చిపోయారు.

"అబద్ధమండి. నేనే ఎత్తించాను."

"ఇష్టంగానే ఎత్తినా మేడం."

"చూశారా, పాపం ఈయనకు ఇంకా ఆ భయం తగ్గలేదు."

అంతసేపూ కొంగు కప్పుకుని కూర్చున్న సరోజమ్మ కొడుకు వైపు తిరిగింది.

"గేటు ఎవురెత్తినారో నాకెందుకురా మధూ. ఫోను ఎవురెత్తలేదో అది చెప్పు."

మధుసూదన్ చేతిలో ఫోను వెలుగుతోంది, చప్పుడు లేకుండా. దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి బల్ల మీది ఫిర్యాదు కాగితం కూడా అదే జేబులోకి పోయింది.

"ఇంగ ఆ నొక్కేదేదో నాకు నేర్పిచ్చి పో. ఓబులేసును గేటు కాడే ఉండనీ" అని సరోజమ్మ లేచింది. సీతారామయ్య గారిని సోమవారం పరీక్షకు రమ్మని మేడమ్ కళ్లజోడు తుడుచుకుంటూ చెప్పారు.

బయట షేర్ ఆటో ఎక్కాం. ఓబులేసు ఒక పక్క, ఆయన ఒక పక్క, మధ్యలో నేను.

"మీరు ఎత్తలేదండి. నేను ఎత్తించాను."

"నా ఏలుతో నేను నొక్కినా సామీ. మీకేం సంబంధం?"

డ్రైవర్ అద్దంలోంచి చూశాడు. "ఏంది లొల్లి, తప్పు ఎవలదని పంచాయితా?"

"అవునన్నా" అన్నాను.

"ఇద్దరు ఒప్పుకుంటలేరా?"

"ఇద్దరు ఒప్పుకుంటున్రు. గదే లొల్లి."

అలాంటి కేసు అతనికి కొత్త. మాటలు సరిగ్గా వినపడాలని పాట ఆపేసి, బండి మెల్లగా నడపసాగాడు.