మూత మీది ఎడమచేయి

1987 జూలై ఇరవై నాలుగు, శుక్రవారం. కొల్హాపూర్‌లో వారంగా ముసురు విడవలేదు. పంచగంగ నది మెట్లన్నీ మునిగిపోయాయి. ఆనాటి ఉదయం గంగావేశ్ పేటలోని చాయ్ దుకాణంలో దౌలత్ చౌగులే ఒక అబద్ధమాడాడు. (తెలుగులో అబద్ధం ఆడవలసినదే గాని చెప్పవలసినది కాదని బడిపంతులుగా నా పట్టు.)

దౌలత్ మాకు గేదెపాలు పోసేవాడు. తన అక్క భర్త విలాస్ ఖాడే తెల్లవారుజామున వాడుకోనిచ్చే మోటారుసైకిలుకు ఇరువైపులా పాలడబ్బాలు వేలాడదీసుకొని పన్హాళా దారి పల్లెలనుండి వచ్చేవాడు. ఎడమ డబ్బా మూతకు బందు ఊడింది. కొత్తది వేయించుకోరాదా అని మీరడగవచ్చు. మన ఇళ్ళలో ఊడిన గడియలు ఎన్నేళ్ళుగా అలాగే వేలాడుతున్నాయో తలచుకోండి. గతుకుల్లో పాలు చిందకుండా అతడు ఎడమచేతితో మూతను అదిమి పట్టేవాడు. క్లచ్ పట్టవలసినదీ ఆ చేయే. కనుక క్లచ్ పట్టకుండానే గేర్లు మార్చేవాడు.

ఆ బండి గేరుపెట్టెను కిందటి దసరాకు బాగుచేసినవాడు హమీద్ ముజావర్ మిస్త్రీ. ఇప్పుడు మూడో గేరు నిలవక జారిపోతున్నది.

"ఏం మిస్త్రీ," అన్నాడు విలాస్ నలుగురిలో, "దసరాకి వేసిన గేరు గణపతి పండగదాకా కూడా ఆగలేదే! పాత సామాను తోమి కొత్తదని అంటగట్టావా?"

"వేసింది కొత్తదే విలాస్‌రావ్. నిన్న విప్పి చూశాగా. క్లచ్ పట్టకుండా ఎవరైనా తొక్కుతున్నారేమో కనుక్కో."

"విన్నావురా దౌలత్! పని చేతకానోడికి నా బావమరిది దొరికాడు. చెప్పు, క్లచ్ పడతావా లేదా?"

బండి పోతే పాల వ్యాపారమే పోతుంది. దౌలత్ చాయ్ గ్లాసులోకి చూశాడు.

"పడతాను దాజీ," అన్నాడు బావతో.

హమీద్ అతనివంక ఒక్క క్షణం చూసి, సగం తాగిన గ్లాసు బల్లపై పెట్టి వెళ్ళిపోయాడు.

విలాస్ కూర్చున్నచోటల్లా ఆ కథే చెప్పాడు. హమీద్ దుకాణం ముందు బండ్లు పలచబడ్డాయి. దీపావళి నాటికి హమీద్ తలుపులు మూసి, మిరజ్‌లో ఎవరి దగ్గరో కూలికి చేరాడు.

ఆ వార్త తెలిసిన ఉదయం దౌలత్ మా గుమ్మంలో పాలు పోస్తూ ఆగిపోయాడు.

"గురుజీ, క్లచ్ పట్టకపోతే గేరుపెట్టె పాడవుద్దంటారా?"

"నడిపేవాడివి నువ్వు. నువ్వే చెప్పాలి."

"పై గేరుకి పోయేటప్పుడు యాక్సిలరేటర్ కాస్త వదిల్తే మెత్తగా పడిపోద్ది. ఏం కాదు. నేను మాత్రం నిండు డబ్బాలతో ఎత్తెక్కుతూ కింది గేరుకీ అలాగే తన్నాను. టక్కుమని మోగేది. మోగినప్పుడల్లా లోపల ఒకదాన్నొకటి పట్టుకునే కొక్కేలు అరిగాయి. పాడుచేసింది నేనే గురుజీ."

ఆ రోజే విలాస్‌కు చెప్పాడు. విలాస్ తాళంచెవి కోసం చేయి చాచాడు. దౌలత్ బస్సెక్కి మిరజ్ వెళ్ళాడు.

హమీద్ అతనికి చాయ్ తెప్పించాడు. "పెట్టె విప్పిననాడే తెలిసింది బేటా. నీ నోటే వస్తదేమోనని చూశాను."

"రా చాచా, అందరి ముందూ చెప్తాను!"

"నా దుకాణం వేరేవాడు అద్దెకు తీసుకున్నాడులే. తాగు, చల్లారిపోతోంది."

నేను ఉద్యోగ విరమణ చేసిన చాలా ఏళ్ళకు దౌలత్ ఉత్తరం వచ్చింది:

"గురుజీకి నమస్కారం. మా అమ్మాయి ఋతుజా బండి నేర్చింది. నిన్న వెనక కూర్చున్నాను. క్లచ్ పట్టకుండా రెండులోంచి మూడుకి వేసి, 'చూశావా బాబా, ఏమీ కాలేదు' అని నవ్వింది. నిజమే, ఏమీ కాలేదు. చప్పుడైనా రాలేదు. అయినా ఆపించి దిగిపోయాను. ఎందుకని అడిగింది. కాళ్ళు పట్టేశాయి, కాస్త నడుస్తానన్నాను. మళ్ళీ అబద్ధమే ఆడాను గురుజీ. మీ దౌలత్."