కోడలికి చెప్పిన పని

కాశిబుగ్గలో రామలింగం ఇంటికి సుగుణ కోడలిగా వచ్చేనాటికి పదో తరగతి పాసైన కోడలు ఆ వాడకట్టులో ఇంకొకరు లేరు. అది డెబ్బై ఆరో సంవత్సరం. చదువుకున్న పిల్ల ఇంట్లో కాలు పెట్టిందని మామ నలుగురికీ చెప్పుకుని మురిశాడు. ఆ మురిపెం వెనుక లెక్క ఒకటి ఉందని సుగుణకు తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

రామలింగానిది అట్టలు కొట్టే పని. మగ్గం మీద దుప్పట్లో పువ్వు తేలాలంటే ముందు ఎవరో ఒకరు ఆ పువ్వును అట్టల్లోకి దించాలి. బజారు సేటు తనకు నచ్చిన బొమ్మ గీయించి పంపి చేతులు దులుపుకుంటాడు. ఆ బొమ్మను గడుల కాగితం మీదికి ఎక్కించడంతో మొదలవుతుంది అసలు తిప్పలు. వంపు తిరిగిన పూరేకను గడిగడిగా మెట్లలా పేర్చాలి. పోగు మరీ దూరం వదులుగా వేలాడుతుందనిపిస్తే మధ్యలో ఓ చుక్క పెట్టి దాన్ని పట్టి ఉంచాలి. తర్వాత గడుల వరుసకొక అట్ట చొప్పున, రంగు నింపిన గడి ఉన్నచోటల్లా రంధ్రం కొట్టాలి. అట్టలన్నీ వరసగా దారంతో కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తే, రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్క రంధ్రం తప్పిందా, దుప్పటి పొడుగునా ప్రతి పువ్వుకూ అదే సొట్ట.

ఈ విద్య ఆ ఇంట్లో కూతుళ్లకు చెప్పరు. కూతురు రేపో మాపో ఇంకో ఇంటికి పోతుంది, పోతూ పోతూ విద్యను కూడా మూటగట్టుకుపోతుంది. కోడలికైతే భయం లేదు, ఆమె వచ్చిన మనిషే గాని పోయే మనిషి కాదు. అందుకే గడుల కాగితం పరిచినప్పుడల్లా కూతురు నిర్మలను ఏదో పని చెప్పి బయటికి పంపేవాడు రామలింగం. కొడుకు ఎల్లస్వామి చెయ్యి మగ్గం మీద ఆడుతుంది గాని గడులు చూస్తే అతనికి కళ్లు తిరుగుతాయి. ఇక మిగిలింది సుగుణ. నేర్చుకోమంటే ఆమె సంబరంగా నేర్చుకుంది, పాపం, గౌరవమనుకుంది.

నాలుగైదేళ్లలో మామకు చూపు మందగించింది. రంధ్రాలను వేళ్లతో తడిమి తప్పొప్పులు చెప్పగలడు గాని కొట్టలేడు. పనంతా సుగుణ మీద పడింది. ఆమెకేమో హనుమకొండలో టీచర్ ట్రైనింగ్ చెయ్యాలని పెళ్లికి ముందునుంచీ ఆశ. సీటు వచ్చిందని మొదటిసారి చెప్పినప్పుడు, ఈ సేటు పని ఒడవనియ్యి బిడ్డా అన్నాడు మామ. ఆ పని ఒడిసింది, ఇంకో సేటు వచ్చాడు. సీటు పోయింది. రెండోసారీ అంతే. భర్త ఎల్లస్వామిని కదిలిస్తే బాపును అడుగుమంటాడు, బాపును అడిగితే నేను గుడ్డోణ్ణి అంటాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఆమె ఆ ఇంట్లోనే గిరగిరా తిరిగింది. మూడోసారి సీటు వచ్చింది. ఆమె వయసుకు అదే ఆఖరి అవకాశం. ఇక అడిగి లాభం లేదని తనే ఓ దారి వెతుక్కుంది. మామ పగటి నిద్రలో ఉన్నప్పుడు నిర్మలను పక్కన కూచోబెట్టుకుని పని నేర్పడం మొదలుపెట్టింది.

నిర్మల చెయ్యి బంగారం. చిన్ననాటి నుంచి తలుపు సందులోంచి చూసిందంతా కడుపులో దాచుకున్నట్టుంది, చెప్పీ చెప్పకముందే అందుకుంది. ఓ పెద్ద గులాబీ మొత్తం తనే దించి కొట్టింది. ఆ అట్టలు మామ వేళ్ల కిందికి వెళ్లాయి. ఆయన ఓపిగ్గా తడిమి, బాగున్నయన్నాడు. అప్పుడు సుగుణ ధైర్యం చేసి, అవి నిర్మల కొట్టినవని చెప్పేసింది.

కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు. చాలాసేపు అట్టలు నిమురుతూ కూచుని, అయితే నువ్వు ట్రైనింగుకు పో బిడ్డా అన్నాడు. సుగుణ ఆ పూట నేలమీద నడవలేదు.

మర్నాడు తెలిసింది అసలు సంగతి. నిర్మలకు అంతకుముందే కేసముద్రంలో సంబంధం ఖాయమై ఉంది. అబ్బాయి అక్కడి మార్కెట్ యార్డులో గుమాస్తా. నిర్మల అతన్ని చూసింది, నచ్చాడని వదినెకు మాత్రమే చెప్పింది. ఇప్పుడు ఆ సంబంధం వద్దని రామలింగం కబురు పంపబోతున్నాడు. ఇంటి విద్య తెలిసిన పిల్లను గడప ఎట్ల దాటనిస్తారు? ఇల్లరికం వచ్చేవాడు దొరికేదాకా పిల్ల ఇంట్లోనే ఉంటుంది. దొరకకపోతే? ఆ మాట ఆయన ఎత్తలేదు.

నిర్మల ఏడవలేదు. పొయ్యి దగ్గర కూచుని, తలెత్తకుండా ఒకే మాట అంది.

"నువ్వు బయటపడెటందుకు నన్ను కట్టేసినవ్ వదినె."

 ఆ మాట అబద్ధమైతే సుగుణకు ఎంత బాగుండేదో. ట్రైనింగ్ కోసం ఉతికి ఆరేసుకున్న చీర దండెం మీద కనిపిస్తోంది. తనకు ఆ సీటు ఎంత కావాలో, ఆడబిడ్డ ముఖం అంత గుచ్చుకుంది. అన్నం సయించలేదు. పొద్దు వాలుతుండగా లేచి మామ ముందు నిలబడింది.

"మామా, నేను అబద్ధం చెప్పిన. ఆ అట్టలు నేనే కొట్టిన. పోవాలన్న ఆశకొద్దీ నిర్మల పేరు చెప్పిన. దానికి ఏం రాదు."

రామలింగం కూతుర్ని పిలిచి కొత్త అట్ట, సుత్తి ముందు పెట్టించి, గులాబీలో ఓ వరుస కొట్టమన్నాడు. నిర్మల వదినె వంక ఒకసారి చూసింది. వంగి టకటకా కొట్టింది. సుగుణ కళ్లు అట్ట మీదే ఉన్నాయి. మొత్తం వరుసలో ఒకే ఒక్క రంధ్రం తప్పు. అదీ రేక కొస మీద, దుప్పటి ఆ చివరినుంచి చూసినా సొట్ట కొట్టొచ్చినట్టు కనిపించేచోట. పని రానివాళ్లు పది చోట్ల తప్పుతారు. ఇంత లెక్కగా తప్పాలంటే పని ఎంత బాగా రావాలి! సుగుణకు గర్వమూ దుఃఖమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

రామలింగం వేలు అట్ట మీద నెమ్మదిగా నడిచింది. తప్పు రంధ్రం దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది. ముప్పై ఏళ్లు అట్టలు కొట్టిన వేలది, దానికి తెలియకపోవడమా!

"పిల్లకు పని రాదు," అన్నాడు ఎల్లస్వామితో. "కేసముద్రపోళ్లను ముహూర్తం పెట్టుకొమ్మను."

నిర్మల లేచి లోపలికి వెళ్లిపోయింది. సుగుణ సుత్తి తీసి పక్కన పెడుతుంటే ఆయన చూపులేని కళ్లు ఆమె వైపు తిప్పాడు. గొంతులో కోపం లేదు, జాలీ లేదు.

"నాకు పనికి ఒక్కరుంటే సాలు బిడ్డా. ఎవరన్నది మీరే తేల్చుకున్నరు."