మెర్లీన్ కోసం చేసిన ప్రార్థన

యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్‌లో పప్పు వండే భాగ్య జమైకా పోయొచ్చిందంటే ముందు ఎవరూ నమ్మలేదు. ఆమె పక్కనే నిలబడి చపాతీలు కాల్చే భూదేవి అయితే, "జమైకా అంటే మియాపూర్ అవతలనా అక్కా? మెట్రో పోతదా గాడికి?" అని అడిగి మెస్సంతా నవ్వించింది.

కానీ నిజంగానే పోయొచ్చింది. తార్నాకలో భాగ్య వెళ్ళే చిన్న చర్చికీ, జమైకాలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లె చర్చికీ ఎన్నో ఏళ్ళ స్నేహం. పెద్ద తుఫాను వచ్చి ఆ పల్లెలో ఇళ్ళ మీది రేకులన్నీ కొట్టుకుపోయాక, వేసవి సెలవుల్లో ఇక్కడి నుంచి కొందరు సేవకు బయలుదేరారు. రేకులు బిగించేవాళ్ళు దొరికారు, పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళు దొరికారు. మరి వీళ్ళకు వండి, ఊళ్ళో గూడు పోయినవాళ్ళకు కూడా వండి పెట్టేదెవరు? పాస్టర్ కరుణాకర్ గారికి భాగ్య గుర్తొచ్చింది. వందల మందికి వండే చెయ్యి కదా! టికెట్టు చర్చే పెట్టుకుంది.

మాణికేశ్వర్ నగర్‌లో రెండు గదుల ఇల్లు, అందులో భాగ్య, ఆమె తల్లి ప్రమీలమ్మ. అంతే. భర్త ఎప్పుడో పోయాడు. తమ్ముడు రవికాంత్ కూడా పోయాడు. "నువ్వు గంత దూరం పోతే నన్నెవరు చూస్తరే?" అని ప్రమీలమ్మ నాలుగు రోజులు మూతి ముడుచుకుని, అయిదో రోజు తనే మామిడికాయ తొక్కు కట్టి ఇచ్చింది.

అక్కడ బడి ఆవరణలో నీలం టార్పాలిన్ పట్టా కింద పొయ్యిలు పెట్టారు. కూరగాయలు తరగడానికి ఊరావిడ ఒకామె వచ్చేది. పేరు మెర్లీన్. రోడ్డు పక్కన చేపలు వేయించి అమ్ముకుని బతికే మనిషి. ఆమె ఇంటికి సగమే కప్పు మిగిలింది. భాగ్యకు వచ్చిన ఇంగ్లీషంతా హాస్టల్లో విదేశీ అమ్మాయిల దగ్గర ఏరుకున్నదే. మెర్లీన్ మాట్లాడే ఇంగ్లీషేమో పాటలా సాగిపోయేది, సగం అర్థమయ్యేది కాదు. అయినా మేక కూరలో మెర్లీన్ పసుపు వేస్తుంటే చూసి భాగ్య "అరే, మా లెక్కనే!" అని తెలుగులోనే అరిచింది. మెర్లీన్‌కు అది కూడా అర్థమైంది. ఆ రోజు నుంచి ఇద్దరూ అక్కాచెల్లెళ్ళే.

ఒక మధ్యాహ్నం భాగ్య మెర్లీన్ ఇంటికి అన్నం గిన్నె పట్టుకుపోయింది. గూట్లో మందుల డబ్బా కనపడింది. మెర్లీన్ గబుక్కున దాని మీద గుడ్డ కప్పేసింది. కానీ భాగ్య కళ్ళు అప్పటికే చూసేశాయి. ఆ మాత్రలు ఆమెకు తెలుసు. రవికాంత్ వేసుకున్నవి అవే, హెచ్‌ఐవీ మాత్రలు. ఆలస్యంగా మొదలుపెట్టాడు కాబట్టి వాడు దక్కలేదు గానీ, వేళకు వేసుకుంటే నూరేళ్ళు బతకొచ్చని పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో!

"మై బ్రదర్. సేమ్ టాబ్లెట్" అంది భాగ్య.

ఆ మాట ఆమె బయటివాళ్ళెవరితోనైనా అనడం అదే మొదటిసారి. బస్తీలో అందరికీ రవికాంత్ టీబీతో పోయాడనే తెలుసు. ప్రమీలమ్మ అందరికీ అదే చెప్పింది. చెప్పీ చెప్పీ తను కూడా నమ్మేసింది.

మెర్లీన్ మంచం మీద కూలబడి ఏడ్చింది. మందులు తనవి కావు, కూతురు షెరీన్‌వి. షెరీన్ చిన్నపిల్లల బడిలో అన్నం వడ్డించే పని చేస్తుంది. ఊళ్ళో ఎవరికీ తెలీదు. మెర్లీన్ భాగ్య రెండు మణికట్లూ పట్టుకుని, "ప్రే. ఓన్లీ యూ" అంది.

ప్రార్థన చెయ్యమంది. నువ్వు ఒక్కదానివే, అంది.

భాగ్య తిరిగొచ్చిన వారం బుధవారం ప్రార్థన. తార్నాక చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి గురించైనా మనవి చేస్తే పేరు పెట్టి చెయ్యాలి, కష్టం విడమర్చి చెప్పాలి. "అడ్రసు రాయకుంట ఉత్తరం డబ్బాల వేస్తే చేరుతదా?" అనేవారు కరుణాకర్ గారు. అందుకే అక్కడ ఎవరి కొడుకు తాగుతున్నాడో, ఎవరి కోడలు పుట్టింటికి పోయిందో అందరికీ తెలుసు. అది చాడీ అని ఎవరూ అనుకోరు, ప్రేమ అనుకుంటారు.

భాగ్య లేచి నిలబడింది. ఒక్క క్షణం మెర్లీన్ అన్న "ఓన్లీ యూ" గుర్తొచ్చింది. అంతలోనే, ఇన్ని సముద్రాల అవతలి మనిషి తార్నాకలో ఎవరికి తెలుసులే అనిపించింది. మెర్లీన్ పేరు చెప్పింది. షెరీన్ పేరు చెప్పింది. జబ్బు పేరూ చెప్పింది. ఏడుస్తూ చెప్పింది. చర్చి అంతా ఆమెతో ఏడ్చింది. సొంత తమ్ముడి కోసం ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేని ప్రార్థన పరాయి పిల్ల కోసం అడిగేసింది. గుండె తేలికైనట్టుంది. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయింది.

రోజూ పొద్దున ఫోన్లో "గుడ్ మార్నింగ్ మై సిస్టర్" అని మెర్లీన్ గొంతు వచ్చేది. ఒక సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. ఫోన్ పాడైందేమో అనుకుంది భాగ్య.

గురువారం మెస్ వెనక గుమ్మం దగ్గరికి ప్రవీణ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. కర్నూలు పిల్లాడు, అడిక్‌మెట్‌లో రూము తీసుకుని క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. చర్చిలో మైకు, కెమెరా అన్నీ అతనే చూసుకుంటాడు.

"ఆంటీ! మీ ప్రార్థన వీడియో కింద ఇంగ్లీషులో మాటలేసి వాళ్ళ చర్చికి పంపించినా. మొన్న ఆదివారం పెద్ద స్క్రీన్ మీద ఏసినారంట! ఇండియాలో మనకోసం ఇంత ఏడ్చేవాళ్ళు ఉన్నారా అన్నారంట!"

భాగ్య చేతిలో గరిటె పప్పులోకి జారిపోయింది. "ఎవ్వరు పంపమన్నరు నిన్ను?"

"సంతోషపడతారు కదా అని..."

"అండ్ల ఆ పిల్ల పేరున్నది కదరా ప్రవీణూ!"

ఆ పల్లెలో వాళ్ళిద్దరి పేర్లూ ఎరగనివాళ్ళు లేరు. ఆ సంగతి ప్రవీణ్‌కు అప్పుడు తట్టింది.

"ఏమైందక్కా?" అని భూదేవి అడిగింది. భాగ్య పొయ్యి ఆర్పేసింది.

సాయంత్రం ఫోన్ చేసింది. మెర్లీన్ ఎత్తింది. అరవలేదు, తిట్టలేదు. మెల్లగా, భాగ్యకు అర్థమయ్యేలా ఆగి ఆగి చెప్పింది. స్క్రీన్ మీద భాగ్య కనపడగానే తను చెయ్యి ఊపిందట. పక్కనున్నామెను మోచేత్తో పొడిచి "మై సిస్టర్" అని చూపించిందట. ఆ తర్వాత కింద అక్షరాలు వచ్చాయి. షెరీన్ పక్కనే కూర్చుని ఉంది. బడివాళ్ళు రేపటి నుంచి రావద్దన్నారు. చేపలు కొనేవాళ్ళు లేరు.

"సారీ" అంది భాగ్య. ఆమెకు వచ్చిన ఇంగ్లీషులో అంతకంటే పెద్ద మాట లేదు.

"యూ నో," అంది మెర్లీన్. "యువర్ బ్రదర్. యూ నో." ఫోన్ పెట్టేసింది.

అవును, భాగ్యకు తెలుసు. తెలిసీ చేసింది.

పాస్టర్ గారి దగ్గరికి పోయింది. ఆయన కళ్ళద్దాలు తీసి మొహం తుడుచుకున్నారు. "మనసార ఒప్పుకో అమ్మా. దేవుడు క్షమిస్తడు."

"దేవుడు క్షమిస్తడు అయ్యగారూ. ఆ పిల్లకు నౌకరి ఎవరిస్తరు?"

భాగ్యకు ఒకటే దారి కనిపించింది. అది తల్లి మీదుగా పోయే దారి. శనివారం ప్రమీలమ్మ తలకు నూనె రాస్తూ మాట కదిపింది.

"అమ్మా, రవి సంగతి రేపు చర్చిల చెప్పాలనుకుంటున్న."

"ఏం సంగతి? వానిది టీబీ."

"అమ్మా, నా వల్ల ఆడ ఒక పిల్ల బతుకు..."

"టీబీ అంటున్న గదా!" ప్రమీలమ్మ సగం నూనె తలతోనే లేచిపోయింది.

ఆదివారం ముందు వరుస కుర్చీలో ప్రమీలమ్మ కూర్చుని ఉండగానే, భాగ్య మైకు అందుకుంది. ప్రవీణ్ కెమెరా పట్టుకున్నాడు.

"మొన్న నేను గడబిడల ఒకటి చెప్పబోయి ఒకటి చెప్పిన. షెరీన్‌కు ఏ రోగం లేదు. ఆ జబ్బు మా తమ్మునిది. రవికాంత్‌ది. మేము టీబీ అని చెప్పినం."

ఒక అబద్ధం, ఒక నిజం. రెండూ కలిపి చెప్పేసింది. ప్రమీలమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. తల మాత్రం దించలేదు.

ప్రవీణ్ ఆ వీడియో పంపాడు. అక్కడి పాస్టర్ మరుసటి ఆదివారం వేశాడు కూడా. రెండు రోజులకు మెర్లీన్ గొంతు వచ్చింది. తార్నాక బస్టాపులో నిలబడి, బస్సుల మోతలో ఫోన్ చెవికి అదుముకుని విన్నది భాగ్య. కొందరు నమ్మారట. ఎక్కువమంది నమ్మలేదట. షెరీన్ ఊరు విడిచి వెళ్ళిపోయిందట. ఎక్కడికో తల్లికి కూడా చెప్పలేదు. చివర్లో, "నో మోర్ ప్రేయర్, సిస్టర్. ప్లీజ్" అంది. ఇక నా కోసం ప్రార్థన వద్దు అని. భాగ్య ఎక్కాల్సిన బస్సు వచ్చింది, పోయింది.

ఆ వారం ఇళ్ళల్లో జరిగే ప్రార్థన వంతు వీళ్ళింటికే వచ్చింది. ఆడవాళ్ళు పది మంది దాకా వచ్చారు. మానేస్తారేమో అనుకుంది గానీ, అందరూ వచ్చారు. చాప మీద కూర్చుని, కళ్ళు మూసుకుని రవికాంత్‌ను తలుచుకుని, ఈ ఇంటి కోసం గట్టిగా ప్రార్థన చేశారు. ఒకామె వెక్కి వెక్కి ఏడ్చింది కూడా. ప్రమీలమ్మ గోడకు ఆనుకుని అంతా చూస్తూ కూర్చుంది.

భాగ్య అల్లం వేసి చాయ్ పెట్టింది. గ్లాసుల్లో పోసి అందరి ముందూ పెట్టింది.

"ఇవాళ ఉపవాసం ఉన్న వదినా" అంది ఒకామె.

"నాకు గ్యాస్ అయితున్నదక్కా, చాయ్ బంద్ చేసిన" అంది ఇంకొకామె.

మిగతావాళ్ళు గ్లాసులు పక్కకు జరిపి లేచారు. బైబిళ్ళు సంచుల్లో పెట్టుకుని, భాగ్య భుజం తట్టి, వాకిట్లో చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. చాప మీద గ్లాసులన్నీ నిండుగానే ఉన్నాయి. పైన మీగడ కట్టింది.

అన్ని రోజులుగా కూతురితో ముక్క మాట్లాడని ప్రమీలమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. గ్లాసులు ఒక్కొక్కటే ఎత్తి చాయ్ మళ్ళీ గిన్నెలో పోసింది. పొయ్యి ముట్టించింది.

"ఇంత చాయ్ ఏం చేస్తమే అమ్మా?" అంది భాగ్య.

"తాగుదాం. కూసో."