ఎడ్ల పగ్గం, పసిగుడ్డు తూకం

తెలంగాణ వచ్చిన మరుసటేడు మా పెద్దబిడ్డ పురిటికి మక్తల్ దగ్గరి మా ఊరికి వచ్చింది. మనుమరాలు పిడికెడంత పుట్టింది. పదోనాడు తూచిన నర్సమ్మ రెండు కిలోల నూట యాభై అని రాసిచ్చి, "వారంల బరువు పెరగకుంటే దవాఖానకు తీస్కరాండ్రి" అని పోయింది. వారం నిండినా ఆమె రాలేదు. ఊళ్లో కాంటా ఉన్నది దుకాణంలోనే, ఇరవై ఒక్క దినాలు కానిదే పసిగుడ్డును అక్కడి దాకా తీసుకుపోము. పురిటింటికి దుకాణం వాళ్లు కాంటా ఇవ్వరు. పాప పెరిగిందో లేదో తెలియక పెద్దబిడ్డకు ముద్ద దిగడం లేదు.

"నేను చేస్త కాంటా" అంది చిన్నబిడ్డ. అది పాలమూరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతోంది. పాడైన కాంటాలోంచి బరువును పసిగట్టే సెన్సర్ ఊడదీసి పీట కింద బిగించింది. దానికి ఐదు వోల్టులు కదలకుండా అందాలట, లేకుంటే తూకం అబద్ధమాడుతుందట. మా ఊరి కరెంటేమో బోర్లు మొదలైతే కుంగుతుంది, ఆగితే లేస్తుంది. అందుకని ఎనిమిది కాళ్ల నల్లపురుగులాంటి ఆప్-ఆంప్ ఒకటి పెట్టింది. బయటికి పోయే వోల్టేజీని అది చూస్తూనే ఉంటుంది. తగ్గితే పక్కన కరెంటుకు తూములా ఉన్న ట్రాన్సిస్టర్‌ను తెరుస్తుంది, పెరిగితే మూస్తుంది.

తన పని తనే చూసుకొని దిద్దుకునే వస్తువా! నాకు చోద్యమై పక్కనే కూలబడ్డాను.

పీట మీద కిలో రాయి పెట్టింది. అంకె నిలవలేదు. పక్కన రేడియో కీచుమంది, ట్రాన్సిస్టర్ చెయ్యి పెట్టలేనంత కాలింది. "వోల్టేజీ ఊగుతాందమ్మా, గందుకే రేడియో అరుస్తాంది" అని, బయటికి పోయే దారిలో కరెంటు నిలవబెట్టే పెద్ద కెపాసిటర్ తగిలించింది. గోళెంలో నీళ్లలాగా నిండుగా ఉంటే కుదురుతుందని దాని లెక్క. కీచు ఇంకా ముదిరింది.

"దిద్దుతదంటివి గదనే, మరి గీ ఊగుడేంది?"

"దిద్దుతుంటెనే ఊగుతాంది. దానికి తొందరెక్కువ."

అప్పుడు నా మొదటి సాలు యాదికొచ్చింది. మా ఆయనకు జ్వరమొస్తే నేను నాగలి పట్టాను. ఎడ్లు ఇటు జరిగితే పగ్గం అటు గుంజేదాన్ని. అవి తిరిగేలోపే మళ్లీ గుంజేదాన్ని. సాలు పాములా పోయింది. గట్టు మీద దుప్పటి కప్పుకొని కూర్చున్న ఆయన నవ్వి, "ఎడ్లు తిరిగేదాక జర ఆగవే! నీ చెయ్యి ఉరుకుతాంది, అవి నడుస్తున్నయ్" అన్నాడు.

ఇది చెప్తే చిన్నబిడ్డ నోరు తెరిచింది. "అమ్మా, పెద్ద కెపాసిటర్ పెట్టి నేను ఎడ్లను ఇంకా మెల్లగ చేసిన! గిదే పరీక్షల రాసిన, మార్కులు గూడ వచ్చినయ్."

"మార్కులొచ్చినయ్ గని పగ్గం రాలె" అన్నాను.

పెద్దదాన్ని పీకేసింది. నల్లపురుగు బయటికి పంపే కాలుకూ, చూసే కాలుకూ నడుమ మిరపగింజంత కెపాసిటర్ అతికించింది. ఇక అది నిమ్మళంగా దిద్దుతుందట. మొదటి గింజ చాలలేదు, రెండోదీ చాలలేదు. మూడోదానికి రేడియో నోరు మూసింది. కిలో రాయికి కిలో చూపింది.

పాత చీర పరిచి, దాని బరువు తీసేసి, పాపను పడుకోబెట్టాం. కాళ్లాడించగానే అంకె మళ్లీ ఎగిరింది. పెద్దబిడ్డ ముఖం వాడిపోయింది.

"దానికి నేనేం కెపాసిటర్ పెట్టాలె? నిద్రవోనియ్యక్కా" అంది చిన్నది.

పాప నిద్రపోయింది. రెండు కిలోల మూడు వందలు.

"మల్ల మారుతదేమో చెల్లె."

ముగ్గురం రెప్ప వేయకుండా చూశాం. బయట ఎవరిదో బోరు మొదలైంది, ఇంట్లో బల్బు కుంగింది. అంకె మాత్రం అక్కడే ఉంది. పెద్దబిడ్డ, పొద్దున్నుంచి మూతపెట్టి ఉన్న అన్నం పళ్లాన్ని దగ్గరికి జరుపుకుంది.