బానెట్ కింద బొట్టు

మొయినాబాద్ రోడ్డు పక్క షెడ్డులో కారుకు రంగు కొడుతున్నారు. థిన్నర్ వాసనకు బాపు అంబాసిడర్ గుర్తొచ్చింది. దాన్ని చేవెళ్ల నుంచి మెహదీపట్నం దాకా కిరాయికి నడిపి మమ్మల్ని సాకాడు.

ఒకరోజు బాపు ఇంజిన్ దించేశాడు. బానెట్ కింద ఖాళీ అయిన చోటంతా తుప్పు గీకి, కడిగి, రంగు వేశాడు. కారు బాగవుతోందని నేను గంతులేశాను.

“బాపూ, ఇంజిన్ ఎప్పుడు పెడ్తవ్?”

“రంగు ఆరనియ్యి బిడ్డా.”

ఆరాక, దసరాకు పెట్టినట్టే ఆ ఖాళీలో కుంకుమ బొట్టు పెట్టాడు. మర్నాడు ఎవరో ఫామ్‌హౌస్ వాళ్లొచ్చి కారును కొనుక్కుని లారీలో తీసుకుపోయారు. తోటలో అలంకారానికి నిలబెట్టి, ఇంజిన్ ఉండే చోట మట్టి నింపి పూలమొక్కలు నాటుకున్నారు.

బాపు మళ్లీ స్టీరింగ్ పట్టలేదు.

పోయినవాళ్లకు కూడా స్నానం చేయించి బొట్టు పెడతారని నాకప్పటికి తెలియదు.