సాంబయ్య బిగించిన మూత

కేసముద్రంలో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే సాంబయ్య, ఇంటి వెనక షెడ్డులో ఒక్క మనిషి కూర్చునే విమానం కట్టాడు. అల్యూమినియం గొట్టాలు, పాత కారు ఇంజను. రెక్కలకు గుడ్డ కుట్టింది నేను. టైలర్ని, పెళ్లి జాకెట్లు పక్కన పెట్టి మరీ కుట్టాను. మా ఇద్దరికీ పిచ్చి పట్టిందని ఊరంతా అంది. అన్నవాళ్లే రోజూ వచ్చి తొంగిచూసేవాళ్లు.

ఎగరడానికి మాత్రం చోటు లేదు. తిన్నని నేలంటే మహబూబాబాద్ రోడ్డే. దాని మీద పొద్దస్తమానం లారీలూ ట్రాక్టర్లే. అప్పుడు సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, మార్కెట్ యార్డు బందయింది, రోడ్డు బోసిపోయింది. సమ్మె ముగిసేలోగా ఒక్కసారి తాటిచెట్టంత ఎత్తు లేచి దిగాలని సాంబయ్య పట్టు. లారీలు మళ్లీ తిరిగితే ఆ రోడ్డు మాకెవడిస్తాడు? అనుమతి ఎవరినడగాలో కూడా మాకు తెలియదు.

ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే కరెంటు ఆల్టర్నేటర్ నుంచి రావాలి. చుట్టూ అయస్కాంతాలు తిరుగుతుంటే మధ్యలో తీగచుట్టలు కరెంటునిస్తాయి. ఆ కరెంటు వాడుకున్నా లేకున్నా చుట్టలు కాగుతూనే ఉంటాయి. గాలి తగలడానికే దాని డొప్పకు రంధ్రాలుంటాయి. సాంబయ్య వాటికి రేకు మూత బిగించాడు. తెలియక కాదు. మా పత్తి మిల్లుల్లో మోటారును తెరిచి ఉంచితే దూది నూగు చొరబడి కాలిపోతుంది. ఏ మోటారు బాగుచేసినా చివరికి మూత బిగించడం ఆయన చేతులకు అలవాటైపోయింది. పాడు అలవాటు, విమానాన్ని కూడా వదల్లేదు.

ఒకరోజు పొద్దున్నే రోడ్డు మీదికి తోసుకెళ్లాం. నెమ్మదిగా అటూ ఇటూ నడిపి చూసుకుని, ఎగరడానికి ఇంజనుకు పూర్తి జోరిచ్చాడు. తోక లేచింది. చక్రాలు ఇక లేస్తాయనగా వార్నిష్ కాలిన వాసన వచ్చి ఇంజను ఆగిపోయింది. మూత విప్పితే చుట్టలు నల్లగా మాడి ఉన్నాయి. వాటిని మళ్లీ చుట్టడం ఆయనకు లెక్క కాదు, మధ్యాహ్నానికల్లా చుట్టేశాడు. కానీ వేడికి అయస్కాంతాల బలం కూడా పోయింది. దాన్ని ఏ తీగతో చుట్టి తేగలం?

కొత్తవి హైదరాబాదు నుంచి రైల్లో రావాలి. ఆ రైళ్లను ఆపింది మేమే. పట్టాల మీద నా పక్కనే కూర్చుని సాంబయ్య కూడా జై తెలంగాణ అన్నాడు. లేచి వెళ్దామని ఒక్కసారి కూడా అనలేదు. నాకాయన మీద కోపమూ అందుకే, గౌరవమూ అందుకే.

అయస్కాంతాలు చేరేసరికి సమ్మె విరమించారు. రోడ్డు నిండా పత్తి లారీలు. అయినా ఆయన అయస్కాంతాలు బిగించాడు. ఈసారి రంధ్రాలు తెరిచి, విమానాన్ని నడిపే ఫ్యాను గాలి నేరుగా తగిలేట్టు రేకు గొట్టం పెట్టాడు. షెడ్డు ముందు చక్రాలకు రాళ్లడ్డం పెట్టి సాయంత్రం దాకా నడిపాడు. డొప్ప మీద చెయ్యి పెట్టి చూశాను. కాస్త వెచ్చగా ఉంది, అంతే. నాకు ఏడుపొచ్చింది.

పెట్రోలు అయిపోయి ఇంజను ఆగినా ఆయన బెల్టు తీయలేదు, సీట్లోంచి దిగలేదు. భార్య కౌసల్య వచ్చి బువ్వ చల్లారుతోందంది.

"జరసేపు కూసోనియ్యి కౌసల్యా," అన్నాడు. "రేపు రెక్కలు ఇప్పుతా."